పాత సీపాప్ మిషన్‌ను మార్చడం: చికిత్సకు అంతరాయం లేకుండా కొత్తదానికి మారే విధానం

స్లీప్ అప్నియాకు, అంటే నిద్రలో శ్వాస పదేపదే ఆగే జబ్బుకు, మాస్క్ గుండా పీడనంతో గాలిని పంపే సీపాప్‌ను ఏళ్ల తరబడి వాడుతున్నవారికి మిషన్ మార్చడమంటే మొదట్లో ఫ్రిజ్‌ను మార్చినంత తేలికగానే తోస్తుంది. డీలరు దగ్గర కొత్తది కొనడానికి అరగంట చాలు. పాత మిషన్‌లో ఏళ్లుగా సర్దుకుంటూ వచ్చిన పీడనం, మాస్క్, తేమ అమరికలను కొత్తదానిలోకి సరిగ్గా దింపుకోవడానికి మాత్రం రెండు మూడు వారాల ఓపిక కావాలి. మిషన్ మార్చాక నిద్ర చెడిందని చెప్పేవారిలో ఎక్కువమందికి లోపం కొత్త మిషన్‌లో ఉండదు, ఈ దింపుకోవడంలో ఉంటుంది. అందువల్ల ఈ మార్గదర్శిలో ఏ మిషన్ కొనాలన్న ప్రశ్న కంటే, కొనడానికి ముందూ తర్వాతా చేయవలసిన పనులకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఇది నిద్రలో గొంతు మార్గం మూసుకుపోయే అబ్‌స్ట్రక్టివ్ అప్నియా ఉన్న పెద్దవారిని ఉద్దేశించింది. బైపాప్ (శ్వాస పీల్చేటప్పుడు, వదిలేటప్పుడు వేర్వేరు పీడనాలు ఇచ్చే మిషన్), ఏఎస్‌వీ (శ్వాస తీరును బట్టి ఆసరాను ఎప్పటికప్పుడు మార్చే మిషన్) వాడేవారికి వర్తించే జాగ్రత్తలను మూడో మెట్టులో విడిగా చెప్పాను.

మొదటి మెట్టు: మిషన్ నిజంగా పాతబడిందా అని తేల్చుకోవడం

మిషన్ వయసును కొన్న సంవత్సరాన్ని బట్టి కాక, అది తిరిగిన గంటలను బట్టి లెక్కించాలి. రోజుకు 8 గంటలు వాడితే ఏడాదికి సుమారు 2,900 గంటలు అవుతాయి. రెస్‌మెడ్ కంపెనీ ఎయిర్‌సెన్స్ 10 మిషన్ మాన్యువల్‌లో మిషన్‌కు, పవర్ సప్లైకి 5 ఏళ్ల ఆయుష్షును రాశారు. అదే పట్టికలో గాలికి తేమనిచ్చే సాధారణ నీటి తొట్టికి, ట్యూబుకు 6 నెలలే ఉంటుంది. చాలామంది మిషన్ గురించి బెంగపడతారు కానీ, దాని కంటే ఎంతో ముందుగా మార్చవలసిన తొట్టిని, ట్యూబును మూడేళ్లు లాగిస్తారు.

కొన్ని రెస్‌మెడ్ మిషన్ల తెరపై మోటారు జీవితకాలం దాటిందన్న సందేశం వస్తుంది. అది వచ్చిన రాత్రే మిషన్ ఆగిపోతుందని కంగారుపడనక్కరలేదు. కొత్తదానికి సన్నాహాలు మొదలుపెట్టమన్న సూచనగా దాన్ని తీసుకుంటే చాలు. కాలిన వాసన రావడం, పవర్ సప్లై చేయి పెట్టలేనంత వేడెక్కడం, మిషన్ నడిరాత్రి తనంతట తాను ఆగి మళ్లీ మొదలవడం, తొట్టిలోని నీరు మిషన్ లోపలికి వెళ్లిన జాడలు కనిపించడం వంటివి జరిగితే మాత్రం వాడకం ఆపి, అదే రోజు డాక్టరుకు, డీలరుకు తెలియజేయాలి.

ఇక మిషన్ పాతబడిందని భ్రమ కలిగించే లక్షణాలు కొన్ని ఉన్నాయి. గాలి బలం తగ్గినట్టు అనిపిస్తే ముందుగా వెనక ఉన్న ఫిల్టర్ తీసి వెలుతురులో చూడాలి. తెల్లగా ఉండవలసిన ఆ చిన్న పలక మన ఊళ్ల దుమ్ముకు నెల తిరిగేసరికే బూడిద రంగుకు మారుతుంది. దాన్ని కడిగి ఆరబెట్టి వాడేవారు ఉన్నారు. ఆ రకం ఫిల్టర్ కడగడానికి పనికిరాదు, మార్చవలసిందే. ట్యూబును కొద్దిగా సాగదీసి, మడతల మధ్య సన్నని చీలికలు ఉన్నాయేమో చూడాలి. మాస్క్ దిండు, అంటే ముఖానికి ఆనే భాగం, మెత్తబడి జిడ్డుగా ఉంటే, పట్టీలు సాగిపోయి ప్రతి రాత్రీ ఇంకాస్త బిగించవలసి వస్తుంటే, గాలి కారిపోవడానికి కారణం అక్కడే ఉంది. ఇవన్నీ మార్చి ఒక వారం వాడి చూసినా మార్పు లేకపోతే అప్పుడు మిషన్‌ను అనుమానించాలి. సర్వీస్ కేంద్రంలో పీడనం కొలిచే మానోమీటర్ పెట్టించి, తెరపై చూపుతున్న పీడనం మాస్క్ చివర నిజంగా వస్తోందో లేదో కొలిపించుకోవచ్చు.

మిషన్ ఎంత బాగా నడుస్తున్నా మార్చవలసిన సందర్భం మరొకటి ఉంది. ఫిలిప్స్ రెస్పిరానిక్స్ సంస్థ 2021 జూన్ 14న డ్రీమ్‌స్టేషన్ మొదటి తరం, సిస్టమ్ వన్ మిషన్లతో పాటు మరికొన్ని శ్వాస పరికరాలకు అమెరికాలో రీకాల్‌ను (లోపమున్న వస్తువులను వెనక్కి పిలవడాన్ని), మిగతా దేశాల్లో భద్రతా నోటీసును ప్రకటించింది. చప్పుడు తగ్గించడానికి లోపల అమర్చిన పాలియెస్టర్ పాలీయురేతేన్ ఫోమ్ వేడికి, తేమకు చివికి, దాని రేణువులూ వాయువులూ గాలి దారిలోకి చేరే అవకాశం ఉండడమే అందుకు కారణం. ఓజోన్‌తో శుభ్రం చేసే పెట్టెలు ఆ చివుకుడును మరింత పెంచుతాయని కూడా సంస్థ చెప్పింది. కోస్తా జిల్లాల ఉక్కపోతలో ఇటువంటి మిషన్ ఇంకా వాడుతున్నవారు అడుగున ఉన్న సీరియల్ నంబరును సంస్థ వారితో సరిచూపించుకోవాలి. అయితే భయంతో చికిత్సను హఠాత్తుగా ఆపకుండా, ఏం చేయాలో డాక్టరునే అడగాలి.

రెండో మెట్టు: పాత మిషన్‌లో ఉన్నదంతా కాగితం మీద పెట్టడం

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు, అందరూ దాటవేసేదీ ఇదే. పాత మిషన్ పని చేస్తుండగానే ఈ పని ముగించాలి, ఎందుకంటే తెర వెలగని మిషన్ నుంచి అమరికలు రాబట్టడం చాలా కష్టం. రోగికి కనిపించే తెరపై అన్ని అమరికలూ ఉండవు కాబట్టి, మీకు మిషన్ అమర్చిన ఆసుపత్రిని గానీ డీలరును గానీ అడిగి పూర్తి సెట్టింగుల ప్రింటు తీసుకోండి. అందులో ఈ వివరాలు ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా చూసుకోండి.

- మిషన్ నడిచే పద్ధతి: ఒకే పీడనంతోనా, ఆటోలోనా (అవసరాన్ని బట్టి పీడనాన్ని తానే మార్చుకునేది).
- ఒకే పీడనమైతే ఆ అంకె, ఆటో అయితే కనిష్ఠ, గరిష్ఠ అంకెలు. ఇవి నీటి పీడనం సెంటీమీటర్లలో, సాధారణంగా 4 నుంచి 20 మధ్య ఉంటాయి.
- శ్వాస వదిలేటప్పుడు పీడనం తగ్గించే సదుపాయం ఆన్‌లో ఉందా, ఉంటే ఎంతలో.
- ర్యాంప్ (తక్కువ పీడనంతో మొదలై మెల్లగా పెరిగే వ్యవధి) ఎన్ని నిమిషాలు, ఎంత పీడనం దగ్గర మొదలవుతుంది.
- తేమ స్థాయి, వేడి ట్యూబు ఉంటే దాని ఉష్ణోగ్రత.
- మాస్క్ రకం, ట్యూబు రకం ఏమని ఎంచుకున్నారు.

వీటిలో మూడోది కొంత వివరంగా చెప్పుకోవలసినది. ఈ తగ్గింపు సదుపాయాన్ని రెస్‌మెడ్ వారు ఈపీఆర్ అని, ఫిలిప్స్ వారు ఫ్లెక్స్ అని పిలుస్తారు. ఈపీఆర్‌ను 3లో పెట్టి, పీడనం 10 ఉంచితే, మీరు శ్వాస వదిలేటప్పుడు అది 7కు దిగుతుంది. ఫిలిప్స్ వారి ఫ్లెక్స్ అలా లెక్కగా దించదు. మీరు ఎంత బలంగా వదులుతున్నారో దాన్ని బట్టి కాసేపు తగ్గించి, శ్వాస ముగిసేలోపే తిరిగి అసలు పీడనానికి వస్తుంది. అంటే ఒక కంపెనీ మిషన్‌లో 10 రాసి ఉందని మరో కంపెనీ మిషన్‌లోనూ 10 పెట్టినంత మాత్రాన గొంతుకు అందే ఆసరా ఒకటే కాదు. ఏళ్లుగా ఈ సదుపాయం లేకుండా నిద్రపోయినవారికి, హాయిగా ఉంటుందని డీలరు కుర్రాడు కొత్త మిషన్‌లో దాన్ని 3లో పెట్టి వెళ్తే, శ్వాస వదిలే వేళ పీడనం చాలక అప్నియాలు తిరిగి రావచ్చు. దానికి అలవాటుపడినవారికి అది లేని మిషన్ ఇస్తే, గాలికి ఎదురీదుతున్నట్టుండి రెండో రాత్రికే మాస్క్ పీకేస్తారు.

సెట్టింగులతో పాటు గత మూడు నెలల వాడకం వివరాలు కూడా తీసుకోండి. రోజుకు సగటున ఎన్ని గంటలు వాడారు, ఏహెచ్ఐ ఎంత, గాలి ఎంత కారుతోంది, ఆటో అయితే రాత్రిలో 95 శాతం సమయం ఏ పీడనం లోపల గడిచింది అన్నవి ముఖ్యమైనవి. ఏహెచ్ఐ అంటే గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగిందో లేదా బాగా తగ్గిందో తెలిపే లెక్క. చికిత్సలో ఉన్నప్పుడు అది 5 లోపు ఉండాలన్నది సాధారణ లక్ష్యం. మిషన్‌లో ఎస్‌డీ కార్డు ఉంటే, దాన్ని తీసి పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు జరిపి, కంప్యూటర్‌లోకి మొత్తం ప్రతి చేసుకోండి. ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలా మిషన్ల వివరాలను రాత్రివారీగా చూపుతుంది. ఈ పాత కార్డును నేరుగా కొత్త మిషన్‌లో పెట్టకండి, కొత్తదానికి కొత్త కార్డే వాడండి.

మూడో మెట్టు: డాక్టరును కలవడం

చాలామంది పాత చీటీతోనే కొత్త మిషన్ కొనేస్తారు. పాత మిషన్ బాగా పనిచేసి, మీ శరీరంలో చెప్పుకోదగ్గ మార్పు లేకపోతే డాక్టరు కూడా అవే అమరికలు కొనసాగించమనవచ్చు. కానీ ఆ మాట ఆయన చెప్పాలి, మనం అనుకోకూడదు. బరువు బాగా పెరగడం లేదా తగ్గడం, మళ్లీ గురక మొదలవడం, పగటి నిద్రమత్తు తిరిగి రావడం, గుండె జబ్బు, పక్షవాతం, నిద్రమాత్రలు లేదా బలమైన నొప్పి మందులు కొత్తగా మొదలవడం వంటివి ఉంటే తప్పక చెప్పండి. బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను, స్థూలకాయంతో పాటు మధ్యస్థ లేదా తీవ్ర స్లీప్ అప్నియా ఉన్న పెద్దలకు 2024 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది. అటువంటి మందులతో పది పదిహేను కిలోలు తగ్గినవారికి పాత పీడనం ఎక్కువైపోయి, కడుపులోకి గాలి వెళ్లడం, మాస్క్ ఎగదన్నడం కనిపిస్తాయి.

అవసరమైతే మళ్లీ స్లీప్ స్టడీ చేస్తారు. ఇంట్లోనే చేసే పరీక్ష చాలునా, ఆసుపత్రిలో రాత్రంతా పడుకోబెట్టి చేసే పాలీసోమ్నోగ్రఫీ కావాలా అన్నది మీ మిగతా జబ్బులను బట్టి ఉంటుంది. పాత మిషన్ నివేదికలో సెంట్రల్ అప్నియాలు, అంటే గొంతు తెరిచే ఉన్నా శ్వాస తీసుకోమన్న ఆదేశం మెదడు నుంచి రానివి, ఎక్కువగా కనిపిస్తే ఆసుపత్రి పరీక్షే మేలు.

బైపాప్ వాడుతున్నవారు దాని బదులు ఆటో సీపాప్ చౌకగా వస్తుందని సొంతంగా మారకూడదు. ఏఎస్‌వీ వాడేవారు కొత్తది కొనేముందు గుండె ఎకో పరీక్ష గురించి డాక్టరును అడగాలి. గుండె పంపు చేసే శక్తి 45 శాతం లేదా అంతకంటే తక్కువ ఉండి, సెంట్రల్ అప్నియా ఎక్కువగా ఉన్నవారిలో ఏఎస్‌వీ వల్ల గుండె సంబంధిత మరణాలు పెరిగినట్టు 2015లో సర్వ్-హెచ్ఎఫ్ అధ్యయనం తేల్చింది. ఏళ్ల క్రితం ఏఎస్‌వీ రాసినప్పటి గుండె పరిస్థితి ఇప్పుడూ అలాగే ఉందని అనుకోలేం.

డాక్టరు దగ్గర నుంచి బయటికి వచ్చేటప్పుడు చేతిలో ఉండవలసిన చీటీలో మిషన్ రకం, పీడనం, శ్వాస వదిలేటప్పటి తగ్గింపు, మాస్క్ రకం స్పష్టంగా రాసి ఉండాలి. 'సీపాప్ వాడాలి' అన్న ఒక్క ముక్క చాలదు.

నాలుగో మెట్టు: మిషన్‌ను ఎంచుకోవడం

పాత కంపెనీ మిషన్‌తో తృప్తిగా ఉంటే అదే కంపెనీలో తర్వాతి తరం మిషన్ తీసుకోవడం నా దృష్టిలో మంచి పద్ధతి. ఆటో మిషన్లు పీడనాన్ని ఎప్పుడు, ఎంత వేగంగా పెంచాలో నిర్ణయించే లెక్కలు కంపెనీకొక తీరుగా ఉంటాయి. వాటికి శరీరం అలవాటుపడి ఉంటుంది. ఇక మార్కెట్లో రెస్‌మెడ్, ఫిలిప్స్‌తో పాటు బీఎంసీ, ఫిషర్ అండ్ పైకెల్, లోవెన్‌స్టైన్ వంటివీ ఉన్నాయి. అమెరికాలో ఫిలిప్స్ కొత్త సీపాప్‌ల అమ్మకం ఆపుతున్నట్టు 2024 జనవరిలో ప్రకటించింది కాబట్టి అక్కడున్న మనవాళ్లకు ఆ దారి దాదాపు మూసుకుపోయింది.

పేరు కంటే మీ ఊరికి సర్వీస్ ఎంత దూరమన్నది ముఖ్యం. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో నలుగురైదుగురు డీలర్లు దొరుకుతారు. చిన్న పట్టణంలో ఉన్నవారు మిషన్ చెడితే ఎన్ని రోజుల్లో బాగు చేస్తారు, ఆ లోపల వాడుకోవడానికి మరో మిషన్ ఇస్తారా అన్నది కొనకముందే కాగితం మీద రాయించుకోవాలి. తొట్టి, ఫిల్టర్, ట్యూబు విడిగా ఎంతకు దొరుకుతాయో కూడా అడగండి, ఎందుకంటే రాబోయే అయిదేళ్లూ మీరు కొనేవి అవే.

మాస్క్‌ను ఇప్పుడు మార్చవద్దు. మిషన్, మాస్క్ రెండూ ఒకే రాత్రి మారిస్తే ఇబ్బంది దేనివల్లో తేలదు. చాలా మాస్క్‌లు 22 మిల్లీమీటర్ల సాధారణ ట్యూబుకు అతుకుతాయి కాబట్టి పాత మాస్క్ నమూనానే కొత్తది కొని వాడవచ్చు. వేడి ట్యూబుల సంగతి వేరు. వాటి చివర విద్యుత్ కనెక్టరు ఉంటుంది, ఎయిర్‌సెన్స్ 10కి వచ్చిన వేడి ట్యూబు ఎయిర్‌సెన్స్ 11కు పట్టదు. ప్రయాణాలకు తయారైన అరచేతి మిషన్లను ఇంటి మిషన్‌కు బదులుగా కొనడం నాకు సమ్మతం కాదు. వాటిలో చప్పుడు ఎక్కువ, నీటి తొట్టి ఉండదు, కొన్నిటికి కొన్ని మాస్క్‌లే సరిపోతాయి.

మాస్క్ పట్టీలకు అయస్కాంతపు క్లిప్పులు ఉంటే మరో విషయం చూసుకోవాలి. పేస్‌మేకర్, మెదడులో క్లిప్పులు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ వంటివి ఉన్నవారికి గానీ, పక్కనే పడుకునేవారికి గానీ అవి హాని చేయవచ్చని 2022, 2023లలో తయారీదారులు హెచ్చరికలు ఇచ్చారు. మిషన్ మార్చే ఈ ఏళ్లలో ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ పెట్టి ఉంటే, అయస్కాంతాలు లేని క్లిప్పుల మాస్క్‌కు మారడమే మంచిది.

అయిదో మెట్టు: కొనుగోలు, డబ్బు

వీలైతే ఎంచుకున్న నమూనాను రెండు వారాలు అద్దెకు తీసుకుని చూడండి. చాలామంది డీలర్లు ఆ అద్దెను తర్వాత ధరలో తగ్గిస్తారు. కొనేటప్పుడు సీలు మీ ముందే తెరిపించండి. మిషన్‌ను ఆన్ చేసి, వాడిన గంటలు సున్నా అని చూసుకోండి. పెట్టె మీది సీరియల్ నంబరు, మిషన్ అడుగున ఉన్నది, బిల్లులో రాసింది ఒకటే ఉండాలి. వారంటీ మోటారుకు ఎన్నాళ్లు, నీటి వేడి పలకకు ఎన్నాళ్లు, పవర్ సప్లైకి ఎన్నాళ్లు అని విడివిడిగా అడగాలి. వాడేసిన మిషన్లు సగం ధరకు దొరుకుతాయి కానీ, అవి ఎన్ని గంటలు తిరిగాయో, ఏ ఇంట్లో తిరిగాయో తెలియదు. అందులో రీకాల్ అయినవీ కలిసే అవకాశం ఉంది.

అమెరికాలో ఉన్న పిల్లలు మిషన్ పంపిస్తామంటే రెండు విషయాలు ఆలోచించండి. పవర్ సప్లై సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేస్తుంది కాబట్టి కరెంటుతో చిక్కు లేదు. వారంటీ మాత్రం తరచుగా కొన్న దేశానికే పరిమితం. అక్కడ డాక్టరు చీటీ లేకుండా మిషన్ అమ్మరు కూడా. అక్కడే స్థిరపడి మెడికేర్‌లో (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమాలో) ఉన్న పెద్దలకు మిషన్ తీసుకున్న 5 ఏళ్లకు కొత్తదానికి అర్హత వస్తుంది. దాన్ని 13 నెలల అద్దె రూపంలో చెల్లించాక మిషన్ సొంతమవుతుంది.

ఇక్కడ ఆసుపత్రి బీమా పాలసీల మినహాయింపుల జాబితాలో సీపాప్ పరికరం సాధారణంగా ఉంటుంది కాబట్టి, బీమా మీద ఆశ పెట్టుకోకుండా ముందే పాలసీ పత్రం చదవండి. సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల ఆరోగ్య పథకం), ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) లబ్ధిదారులకు ముందస్తు అనుమతితో మిషన్ పొందే వీలుంది. కొన్న తర్వాత బిల్లు పట్టుకువెళ్తే పని కాదు. ప్రభుత్వ నిపుణుడి సిఫార్సు, స్లీప్ స్టడీ నివేదిక, పాత మిషన్ పనికిరాదన్న ధ్రువీకరణ ముందుగా సిద్ధం చేసుకుని, మీ వెల్‌నెస్ సెంటర్‌లో గానీ పాలీక్లినిక్‌లో గానీ అడిగి తెలుసుకోండి.

ఆరో మెట్టు: మొదటి రాత్రికి ముందు

మిషన్ తెచ్చిన రోజు రాత్రే దాన్ని పెట్టుకుని నిద్రపోవడానికి తొందరపడవద్దు. పగటిపూట పాత కాగితాన్ని, డాక్టరు చీటీని పక్కన పెట్టుకుని, డీలరు ప్రతినిధి చేత ప్రతి అమరికనూ పెట్టించి, చదివించుకుని, టిక్కు పెట్టుకోండి. మాస్క్ రకం ముక్కుదా, ముక్కూ నోరూ కప్పేదా, ముక్కు రంధ్రాల దగ్గర నిలిచేదా అన్నది మెనూలో సరిగ్గా ఎంచుకోవాలి. ఇది తప్పితే లీకు లెక్క తప్పుతుంది. తర్వాత మంచం మీద పడుకుని, టీవీ చూస్తూ గంటసేపు మాస్క్‌తో ఉండండి. పక్కకు తిరిగి, వెల్లకిలా పడుకుని, రెండు విధాలా మాస్క్ నిలుస్తోందో చూసుకోండి.

మిషన్‌ను తల ఎత్తు కంటే కిందుగా, బల్ల మీద సమంగా ఉంచాలి. నీళ్లతో ఉన్న తొట్టిని మిషన్‌లోనే ఉంచి అటూ ఇటూ కదపకూడదు. తొట్టిలో మందుల షాపులో దొరికే డిస్టిల్డ్ నీరు పోయాలి. ఇన్వర్టర్ బ్యాటరీలకు అమ్మే నీరు ఊపిరితిత్తుల కోసం తయారైంది కాదు. నల్గొండ, ప్రకాశం వంటి జిల్లాల బోరు నీరు పోస్తే కొద్ది రోజుల్లోనే తొట్టి అడుగున తెల్లటి పొర కడుతుంది. అలా కట్టినప్పుడు ఒక పాలు వెనిగర్, పది పాళ్లు నీళ్లు కలిపి నానబెట్టి, మంచి నీటితో బాగా కడగాలి.

కరెంటు సంగతి కూడా ఈ రోజే చూసుకోవాలి. పాత మిషన్ 12 వోల్టులదైతే, దానికి కొన్న బ్యాటరీ వైరు 24 వోల్టుల కొత్త మిషన్‌కు పనికిరాదు. ఎయిర్‌సెన్స్ 10, 11 రెండూ 24 వోల్టులవే, డ్రీమ్‌స్టేషన్ 12 వోల్టులది. ఇంటి ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్ రకమైతే మంచిది. కరెంటు పోయినప్పుడు ఎక్కువ లాగేవి నీటి వేడి పలక, వేడి ట్యూబు కాబట్టి, తరచూ కోతలు ఉన్న ఊళ్లలో బ్యాటరీ మీద ఉన్నంతసేపు ఆ రెండింటినీ ఆపి వాడుకోవచ్చు.

ఏడో మెట్టు: మొదటి రెండు వారాలు

కొత్త మిషన్ చప్పుడు తక్కువగా ఉండడం వల్ల గాలి రావడం లేదేమోనని చాలామందికి మొదటి రాత్రి అనుమానం వస్తుంది. పాత మిషన్ మోటారు బలహీనపడి తక్కువ పీడనం ఇస్తూ ఉండి ఉంటే, అదే అంకె దగ్గర కొత్తది బలంగానూ తోస్తుంది. ఈ రెండు అనుభూతులకూ కొన్ని రాత్రులు గడువివ్వండి. అంకెలు మాత్రం మొదటి రోజు నుంచే రాసుకోండి. ఏహెచ్ఐ వరుసగా 5 పైన ఉంటే, రెస్‌మెడ్‌లో లీకు నిమిషానికి 24 లీటర్లు దాటుతుంటే, వాడిన గంటలు తగ్గుతూ పోతుంటే, వారం తిరగకుండా ఆ కాగితాన్ని డాక్టరుకు చూపండి. కంపెనీ మారినవారు పాత ఏహెచ్ఐని, లీకును కొత్తవాటితో నేరుగా పోల్చకూడదు. కొన్ని కంపెనీలు మాస్క్ రంధ్రాల గుండా సహజంగా పోయే గాలిని కూడా లీకులో కలిపి చూపుతాయి, రెస్‌మెడ్ దాన్ని తీసివేసి చూపుతుంది.

ముఖం మీద నీటి చుక్కలు పడితే ఏసీ గది చల్లదనానికి ట్యూబులో ఆవిరి నీరవుతోందని అర్థం. తేమ స్థాయి ఒక మెట్టు తగ్గించండి, లేదా ట్యూబుకు గుడ్డ తొడుగు వేయండి. నోరు ఎండితే తేమ పెంచడం కంటే ముందు, నోటి గుండా గాలి పోతోందేమో చూడాలి. పీడనాన్ని మాత్రం ఎవరో చెప్పారని మీరే మార్చవద్దు.

ఎనిమిదో మెట్టు: పాత మిషన్

కొత్తదానితో కనీసం ఒక నెల సజావుగా గడిచేవరకు, పాత మిషన్ సురక్షితమైనదే అయితే, శుభ్రం చేసి, తొట్టి పూర్తిగా ఆరబెట్టి, కొత్త ఫిల్టర్ వేసి బీరువాలో ఉంచండి. కొత్తది సర్వీసుకు వెళ్లినప్పుడు అదే ఆదుకుంటుంది. రీకాల్ అయినదీ, నీరు దిగినదీ అలా ఉంచుకోకూడదు. గురక పెడుతున్నాడని బావమరిదికో, పక్కింటివారికో ఇవ్వడం మర్యాదగా తోచినా, వారి పీడనం వేరు, వారికి అసలు అప్నియా ఉందో లేదో తెలియదు. ఇక అక్కరలేదనుకున్నాక కార్డు తీసివేసి, మీ వివరాలు చెరిపించి, అధీకృత ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల పరిధిలోకి వైద్య పరికరాలు కూడా వస్తాయి కాబట్టి, కొత్త మిషన్ అమ్మిన డీలరునే పాతది వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉందా అని బిల్లు కట్టే ముందే అడగవచ్చు.